జీతం కంపెనీది, యూనిఫాం సైన్యానిది

సైన్యానికి కావలసిన పనుల్లో తుపాకీ పట్టనివే ఎక్కువ. ట్యాంకును లారీ మీద సరిహద్దు దాకా చేర్చాలి. ఎగురుతున్న విమానానికి గాలిలోనే ఇంధనం పట్టాలి. రేపు పొద్దున మబ్బు ఎంత ఎత్తున ఉంటుందో చెప్పాలి. విరిగిన పట్టాను వెనక రైలు వచ్చేలోగా అతకాలి. ఈ పనులను కంపెనీలకు గుత్తకిస్తే మామూలు రోజుల్లో ఖర్చు కలిసివస్తుంది. చిక్కంతా యుద్ధం వచ్చిన రోజునే. లారీ కంపెనీది, డ్రైవరు కంపెనీ మనిషి. బాంబులు పడుతున్న దారిలోకి బండి తోలమని అతనికి చెప్పే హక్కు ఎవరికుంది? తాళాలు బల్ల మీద పెట్టి ‘నేను మానేస్తున్నా’ అని ఇంటికి పోతే అది నేరం కాదు. మహా అయితే కంపెనీ మీద ఒప్పందం తప్పిన కేసు పడుతుంది. ట్యాంకు మాత్రం డిపోలోనే ఉండిపోతుంది.

ఈ చిక్కుకు కనిపెట్టిన ఉపాయం ఒక మనిషికి రెండు హోదాలు కట్టబెట్టడం. మామూలు రోజుల్లో అతను కంపెనీ ఉద్యోగి. జీతం, సెలవులు, పీఎఫ్ అన్నీ కంపెనీవే. ముందే సంతకం చేసిన ఒప్పందం ప్రకారం పిలుపు వచ్చిన నాటినుంచి అతను రిజర్వు సిపాయి. యూనిఫాం వేసుకుంటాడు, సైనిక చట్టానికి లోబడతాడు, అదే లారీ, అదే స్టీరింగు. మామూలు రిజర్వు సిపాయిని ఎక్కడికైనా, ఏ పనికైనా పిలవవచ్చు. ఇతన్ని మాత్రం తన ఉద్యోగంలో చేస్తున్న పనికే పిలుస్తారు. బ్రిటన్‌లో వీళ్ళను స్పాన్సర్డ్ రిజర్వులు అంటారు. పేరు కొత్తదే గాని, పనికీ సైనిక బాధ్యతకూ ముడివేసే పద్ధతి ఉత్తరాంధ్రకు కొత్త కాదు. బొబ్బిలి చరిత్రలో ఆ ముడి వేసిన తీర్లు కనీసం మూడు కనిపిస్తాయి. ఒక్కొక్క ముడి ఎన్నేళ్ళు నిలిచేదో గమనిస్తే అసలు ప్రశ్న తేటపడుతుంది.

మొదటి ముడి భూమితో. 1753 చివర నిజాం సలాబత్ జంగ్ శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ సర్కార్లను ఫ్రెంచివాళ్ళకు రాసిచ్చాడు. తన దర్బారును కాపాడుతున్న ఫ్రెంచి సేనాని బుస్సీ పటాలం జీతాలకు ఆ శిస్తు సరిపెట్టుకోమని దాని అర్థం. ఇప్పటి మాటల్లో చెబితే ఒక విదేశీ కంపెనీకి రక్షణ సేవల కాంట్రాక్టు ఇచ్చి, బిల్లు కింద నాలుగు జిల్లాల పన్ను వసూలు అప్పగించడం. బుస్సీ ఉత్తరాదికి రావడానికి కారణం ఆ వసూలే. విజయనగరం విజయరామరాజుకు బొబ్బిలితో ఉన్న పాత పగ దానికి తోడై, 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలింది. కోటలో జరిగినది, ఆ తర్వాత కొద్ది రోజులకే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలోనే పొడిచి చంపినది బుర్రకథలు పల్లెపల్లెకూ మోశాయి. ఇక్కడ చూడవలసింది కథలో వెనక నిలబడే విషయం: కోట లోపల పోరాడినవాళ్ళు ఎవరు?

వాళ్ళలో నెలజీతపు సిపాయిల కంటే మొఖాసాదార్లు, వాళ్ళ వెంట వచ్చిన మనుషులే ముఖ్యులు. జమీందారు తన దొరలకు ఊళ్ళను మొఖాసాగా ఇచ్చేవాడు. మిగతా రోజుల్లో ఆ ఊరి సాగు చూసుకోవాలి, పిలుపొస్తే ఇంతమంది మనుషులతో కోట ముందు నిలవాలి. తండ్రి తరువాత కొడుకుకు భూమితో పాటు ఆ బాధ్యత కూడా సంక్రమించేది. ఇక్కడ ముడి తరాల ముడి. ఊరు వదిలిపెట్టనిదే బాధ్యత వదలదు, ఊరు వదిలిపెట్టేవాడు ఎవడు?

ఇంగ్లీషు కంపెనీకి ఇది కంటగింపైంది. 1766 నవంబరులో నిజాంతో చేసుకున్న ఒడంబడికలో సర్కార్లు తీసుకున్నందుకు బదులుగా అవసరమైనప్పుడు పటాలం పంపుతామని కంపెనీ తానే మాట ఇచ్చింది. తానొక సైనిక గుత్తేదారు అయ్యాక, తన కింద మరో గుత్తేదారు సైన్యం పెట్టుకోవడం దానికి నచ్చలేదు. జమీందార్ల బలగాలు రద్దు కావాలని పట్టుబట్టింది. ఆ పట్టు 1794 జులై 10న పద్మనాభం దగ్గర విజయనగరం జమీందారు చిన్న విజయరామరాజు మరణంతో ముగిసింది. 1802లో శాశ్వత పైసలా వచ్చాక మొఖాసా భూములు మిగిలాయి గాని, వాటికి తగిలించిన సైనిక సేవ పోయింది. సేవకు బదులు ‘కట్టుబడి’ అనే నామమాత్రపు పన్ను మిగిలింది. సేవను డబ్బుగా మార్చుకోవడం ప్రభుత్వాలకు ఎప్పుడూ తేలికే. ఆ డబ్బును మళ్ళీ సేవగా మార్చుకోబోతేనే కష్టం తెలిసివస్తుంది. ఇరవయ్యో శతాబ్దపు సైన్యాలు అది పదేపదే నేర్చుకోవలసి వచ్చింది.

రెండో ముడి రైలుతో పడింది. బొబ్బిలి మీదుగా పోయే లైను బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. అందరి నోటా అది బీఎన్‌ఆర్. 1887లో లండన్‌లో ఏర్పడిన ప్రైవేటు కంపెనీ ఇది. భారత వ్యవహారాల మంత్రితో ఒప్పందం మీద ప్రభుత్వ రైలు మార్గాలను నడిపేది. వాల్తేరు నుంచి కటకం దాకా ఉన్న తూర్పు తీరపు లైను 1902లో దాని చేతికి వచ్చింది. ఆ తరువాత విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం వైపు లైను వేసి, 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకు కొమ్మ తీసింది. 1930ల మొదట్లో లైను రాయపూర్ దాకా కలిసింది. కొండల అవతలి సరుకు విశాఖ రేవుకు దిగే దారి అదే.

ఈ కంపెనీ ఉద్యోగుల్లోనే ఒక సైనిక దళం ఉండేది. మొదట వాలంటీర్ రైఫిల్స్, 1917 తరువాత ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్, 1920 చట్టంతో ఆగ్జిలరీ ఫోర్స్‌లో బీఎన్‌ఆర్ దళం. గార్డులు, డ్రైవర్లు, ఫోర్‌మన్లు వారానికి ఇన్ని గంటలు కవాతు చేసేవారు, ఏటా తుపాకీ గురి పరీక్ష ఇచ్చేవారు. పేరుకు వాలంటీరే. అప్పటి రైల్వేల్లో తెల్లవాళ్ళకూ ఆంగ్లో-ఇండియన్లకూ ఉద్యోగపు షరతుల్లోనే ఆ ‘స్వచ్ఛందం’ రాసి ఉండేది. కాంట్రాక్టు కంపెనీ ఉద్యోగులు రిజర్వు సిపాయిలు కావడానికి తెలుగు నేల మీద ఇంతకంటే నేరైన ఉదాహరణ లేదు. ప్రభుత్వం, ఒప్పందం మీద నడిచే కంపెనీ, కంపెనీ జీతగాడు, అతని మీద సైనిక బాధ్యత: నేటి బ్రిటిష్ పద్ధతిలోని నాలుగు అంగాలూ అందులో ఉన్నాయి.

అయిదోది కూడా ఉంది. నేటి చట్టాలు దాన్ని బాహాటంగా ఒప్పుకోవు. ఆ దళంలోకి భారతీయులను తీసుకోలేదు. బొబ్బిలి స్టేషనులో పాయింట్స్‌మన్, గ్యాంగ్‌మన్ ఎవరైనా ఈ ప్రాంతపు మనిషే. అతనికి రైఫిలు ఇవ్వరు. ఇచ్చినవాళ్ళను ఎవరి మీదికి దింపారో 1927లో ఖరగ్‌పూర్‌లో తేలింది. బీఎన్‌ఆర్ వర్క్‌షాపు కార్మికులు సమ్మెకు దిగినప్పుడు ఆగ్జిలరీ ఫోర్సును రంగంలోకి దించారు. ఆ రోజుల్లో బీఎన్‌ఆర్ కార్మిక సంఘానికి నాయకత్వం వహించిన వాళ్ళలో బరంపురం తెలుగువాడు వి.వి.గిరి ఒకరు. తరవాత ఆయన రాష్ట్రపతి అయ్యారు. ఒకే కంపెనీ జీతగాళ్ళలో కొందరిని సిపాయిలను చేస్తే, శత్రువు సరిహద్దు అవతల లేనప్పుడు ఆ సిపాయిలు సహోద్యోగుల ముందే నిలబడతారు. ఈ పద్ధతిని మెచ్చుకుంటూ రాసే సైనిక రచయితలు ఈ చాప్టరును చాలావరకు దాటేస్తారు. కార్మిక సంఘాలు మరిచిపోలేదు.

బీఎన్‌ఆర్‌ను 1944 అక్టోబరు 1న ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1947లో ఆగ్జిలరీ ఫోర్స్ రద్దయింది.

మూడో ముడి స్వతంత్ర భారతానిది: టెరిటోరియల్ ఆర్మీ (టీఏ). 1948లో చట్టం వచ్చింది. 1949 అక్టోబరు 9న గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి దీన్ని లాంఛనంగా ప్రారంభించారు. ఇందులో రెండు రకాల యూనిట్లున్నాయి. పొలమో, వ్యాపారమో చూసుకుంటూ ఏటా కొన్ని వారాలు శిక్షణకు వచ్చేవాళ్ళ ఇన్‌ఫెంట్రీ బెటాలియన్లు ఒక రకం. రైల్వేలు, చమురు సంస్థల ఉద్యోగులతో ఏర్పాటైన డిపార్ట్‌మెంటల్ యూనిట్లు రెండో రకం. ఈ వ్యాసానికి ముఖ్యం రెండోదే. రైల్వే ఇంజినీర్ రెజిమెంట్లలో సిపాయి అంటే రైల్వే ఉద్యోగే. అతను లోకో పైలట్ కావచ్చు, స్టేషన్ మాస్టరు కావచ్చు, పట్టాల మనిషి కావచ్చు. యుద్ధంలో శత్రువు బాంబు వేసిన స్టేషనును నడపడం, తెగిన లైను అతకడం అతని పని. టీఏ వాళ్ళ వాడుకలో యూనిట్‌ను పిలిచి పూర్తికాలపు సేవలో పెట్టడాన్ని ‘ఎంబాడీ చేయడం’ అంటారు. ఎంబాడీ అయిన రోజునుంచి అతనికి ఆర్మీ చట్టం వర్తిస్తుంది. పని ముగిశాక పాత ఉద్యోగంలోకి తిరిగి తీసుకోవాలని యజమానిని అదే టీఏ చట్టం నిర్బంధిస్తుంది.

పట్టాల మనిషి నైపుణ్యం సైన్యానికి ఎందుకు పనికొస్తుందో బొబ్బిలి–డొంకినవలస మధ్య పొద్దున్నే లైను మీద నడిచే కీమ్యాన్‌ను చూస్తే తెలుస్తుంది. భుజాన సుత్తి, స్పానరు, సంచిలో ఎర్రజెండా, పచ్చజెండా, పట్టాకు బిగించి పేల్చే డిటోనేటర్లు. స్లీపరు స్లీపరుకూ క్లిప్పు వదులైందా అని చూస్తూ, అనుమానం వచ్చినచోట సుత్తితో కొట్టి మోత వింటాడు. పట్టా విరిగిందనిపిస్తే ముందు చేయవలసింది మరమ్మతు కాదు. రైలు వచ్చే దిక్కుకు పరుగెత్తి, నిర్ణీత దూరాల్లో డిటోనేటర్లు అమర్చి, ఎర్రజెండా పట్టుకుని నిలవాలి. ఈ క్రమం పుస్తకం చదివితే వచ్చేది కాదు, ఏళ్ళ తరబడి అదే బీటు నడిస్తే కాళ్ళకు పట్టుబడేది. ఇన్‌ఫెంట్రీ సిపాయికి మూడు నెలల్లో దీన్ని నేర్పలేరు. కీమ్యాన్‌కు కవాతు, ఆయుధం పట్టడం మూడు నెలల్లో నేర్పవచ్చు. డిపార్ట్‌మెంటల్ టీఏ వెనక ఉన్న లెక్క ఇంతే.

యూనిఫాం లేకుండా అదే పని చేసినవాళ్ళ గతి ఏమిటో 1965 యుద్ధంలో బయటపడింది. సెప్టెంబరు 9న రాజస్థాన్ సరిహద్దులోని గడ్రారోడ్ దగ్గర సైన్యానికి సరుకు చేరవేస్తూ, లైను బాగుచేస్తూ పాకిస్తాన్ విమానాల దాడిలో 17 మంది రైల్వే ఉద్యోగులు చనిపోయారు. వాళ్ళకు స్మారకం ఉంది. సైనికులుగా కాదు, రైల్వే మనుషులుగా.

టీఏ చట్టంలో 1956లో చేర్చిన 6ఏ సెక్షను బయటి వాళ్ళకు పెద్దగా తెలియదు. ప్రభుత్వంలో గాని, ప్రజోపయోగ సేవల్లో గాని పనిచేసే 20 నుంచి 40 ఏళ్ళలోపు వాళ్ళు ప్రభుత్వం కోరితే టెరిటోరియల్ ఆర్మీలో చేరక తప్పదని అది చెబుతుంది. కరెంటు, నీళ్ళు, రవాణా లాంటివి నడిపే సంస్థలు ఈ లెక్కలోకి వస్తాయి. కాగితం మీద చూస్తే బ్రిటిష్ స్పాన్సర్డ్ రిజర్వు కంటే ఇది చాలా కఠినం. అక్కడ సంతకం పెట్టినవాడికే బాధ్యత, ఇక్కడ సంతకం అక్కర్లేదు.

రైల్వే టీఏ యూనిట్లకు ఖరగ్‌పూర్ నీడ కూడా తప్పలేదు. 1974 మే నెల రైల్వే సమ్మెలో రైళ్ళు నడపడానికి వీళ్ళను పిలిచారు. బయటి శత్రువు కోసం తయారుచేసిన పట్టు ఇంటి తగాదాలోకి వచ్చింది. సమ్మెలో ఉన్న తోటి ఉద్యోగికీ, యూనిఫాంలో ఇంజను ఎక్కిన ఉద్యోగికీ మధ్య రైల్వే కాలనీల్లో ఏం మిగిలిందో ఏ రెజిమెంటు చరిత్రలోనూ రాయరు.

ఆరు రైల్వే యూనిట్లలో జమాల్‌పూర్‌ది మినహా ఝాన్సీ, కోటా, ఆద్రా, చండీగఢ్, సికింద్రాబాద్ యూనిట్లను రద్దు చేయాలని 2021లో నిర్ణయించారు. జమాల్‌పూర్‌ను ఉంచిన కారణం న్యూజల్పాయిగురి నుంచి సిలిగురి, అలీపూర్‌దువార్ మీదుగా రంగియా దాకా సాగే 361 కిలోమీటర్ల లైను. ఈశాన్యాన్ని దేశంతో కలిపే సన్నని మెడ అది. సికింద్రాబాద్ యూనిట్ తెలుగు ప్రాంతంలోనిది. 2003లో తూర్పు తీర రైల్వే విడివడే దాకా బొబ్బిలి ఉన్న ఆగ్నేయ రైల్వేలోదే ఆద్రా. అంటే ఇటు దక్షిణం నుంచి, అటు పాత బీఎన్‌ఆర్ వారసత్వం నుంచి, ఉత్తరాంధ్ర రైల్వే మనిషికి రిజర్వు సిపాయి అయ్యే దారులు రెండూ మూసుకుపోయాయి. టీఏకే కాలం చెల్లిందని దీని అర్థం కాదు. 2025 మేలో, పహల్గామ్ ఉగ్రదాడి తరువాతి రోజుల్లో, 32 ఇన్‌ఫెంట్రీ టీఏ బెటాలియన్లలో 14ను అవసరమైతే ఎంబాడీ చేసుకునే అధికారం కేంద్రం ఆర్మీ చీఫ్‌కు ఇచ్చింది. కావలసినది కాపలా కాసే సిపాయి. పట్టా అతికే సిపాయి లెక్కలోంచి తప్పుకున్నాడు.

బ్రిటన్ మాత్రం దీనికి ఎదురుదారిలో నడిచింది. 1982 ఫాక్లాండ్స్ యుద్ధంలో అది వ్యాపార నౌకలను అప్పటికప్పుడు స్వాధీనం చేసుకుని నావికా దళం వెంట పంపింది. మే 25న అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకు ఓడకు క్షిపణులు తగిలాయి. చనిపోయిన 12 మందిలో ఓడ కెప్టెన్ ఇయాన్ నార్త్‌తో సహా వ్యాపార నావికులున్నారు. ప్రైవేటు మనుషులు యుద్ధ రంగంలో ఉండక తప్పదని తేలింది. వాళ్ళ హోదా ఏమిటన్నది ముందే తేల్చుకోవాలన్న పట్టుదల 1996 రిజర్వ్ ఫోర్సెస్ చట్టంలోని అయిదో భాగంగా రూపం కట్టింది.

ఆ చట్టం మూడు వైపుల ఒప్పందం మీద నిలిచింది. రక్షణ శాఖ కంపెనీకి పని ఇస్తూ, ఆ పని చేసేవాళ్ళలో ఇంతమంది రిజర్వు సిపాయిలై ఉండాలని షరతు పెడుతుంది. కంపెనీ తన ఉద్యోగుల్లోంచి ఒప్పుకున్నవాళ్ళను పంపుతుంది. ఉద్యోగి సైన్యంతో విడిగా సంతకం చేస్తాడు. ముందుగా ఈ దారిన వెళ్ళింది వాతావరణ శాఖ వాళ్ళు. మెట్ ఆఫీసు సంచార విభాగం మనుషులు విదేశీ స్థావరాల్లో వైమానిక దళం యూనిఫాంలో మబ్బులు చూసి చెబుతారు. తరువాత 2001లో ట్యాంకులు మోసే 92 భారీ ట్రాక్టర్లకు ఎఫ్‌టీఎక్స్ లాజిస్టిక్స్ అనే కంపెనీతో 20 ఏళ్ళ ఒప్పందం జరిగింది. 2002లో ఫోర్‌లాండ్ షిప్పింగ్‌తో ఆరు సైనిక సరుకు ఓడలకు కుదిరింది. 2008లో ఎయిర్‌ట్యాంకర్ కంపెనీతో 14 వోయేజర్ ఇంధన విమానాలకు 27 ఏళ్ళ ఒప్పందం అయింది. మిగులు వోయేజర్లు పర్యాటకులను మోసే చార్టర్ సర్వీసులకు కూడా వెళ్ళాయి. అదే కంపెనీ పైలట్లలో కొందరు వారంలో ఒక రోజు సెలవులకు పోయే కుటుంబాలను బీచి ఊళ్ళకు దింపి, పిలుపొస్తే రాయల్ ఎయిర్ ఫోర్స్ అధికారులై యుద్ధ విమానాలకు ఇంధనం పట్టగలరు. ఈ పద్ధతి బలమూ, కొంచెం వింతా ఆ ఒక్క విమానంలోనే కనిపిస్తాయి.

ఇందులో ఎవరూ పట్టించుకోని సంఖ్యలు ఆ 20, 27. ఏళ్ళ తరబడి పని దొరుకుతుందన్న భరోసా ఉంటేనే కంపెనీ తన మనుషులకు సైనిక శిక్షణ ఇప్పించే ఖర్చు భరిస్తుంది, ఖాళీ అయిన స్థానంలో మరో రిజర్వును తయారు చేస్తుంది. ఉద్యోగీ అంతే. రేపటేడాది ఉంటుందో ఊడుతుందో తెలియని ఉద్యోగం కోసం యుద్ధానికి సంతకం పెట్టడు. మొఖాసా తరాలకు, బీఎన్‌ఆర్ ఒప్పందం దశాబ్దాలకు, టీఏ ఉద్యోగి రిటైర్మెంట్ దాకా. సైనిక బాధ్యతను పౌర ఉద్యోగానికి కట్టగలిగిన చోటల్లా ఆ ఉద్యోగం నిలకడైనదే.

బ్రిటిష్ పద్ధతికీ ఓటి చోట్లు లేకపోలేదు. ఉద్యోగం మానేస్తే రిజర్వు బాధ్యత కూడా పోతుంది. సంక్షోభం ముదురుతున్న వారాల్లోనే రాజీనామాలు పెరిగితే అడ్డుకునే దారి పరిమితం. ఒకే మనిషిని కంపెనీ లెక్కలోనూ, సైన్యం లెక్కలోనూ రెండుసార్లు చూపించే ప్రమాదం ఇంకొకటి. పది మంది డ్రైవర్లలో నలుగురు రిజర్వుకు వెళితే వెనక డిపోలో పని ఆరుగురితోనే నడవాలి, ఒప్పందం రాసినవాళ్ళు పదిమందీ అక్కడే ఉంటారనుకుంటారు.

యూనిఫాం ఇవ్వకుండా పౌరులుగానే ఉంచడం రెండో దారి. అమెరికా దీన్ని పట్టుకుంది. 1985లో మొదలైన లాగ్‌క్యాప్ అనే ఏర్పాటు కింద వంట, రవాణా, శిబిరాల నిర్మాణం అన్నీ కంపెనీల చేతికి పోయాయి. చట్టం ఇందుకు ఒప్పుకుంటుంది. 1949 మూడో జెనీవా ఒప్పందంలోని నాలుగో అధికరణం సైన్యం వెంట నడిచే సరఫరా గుత్తేదార్లనూ, సంక్షేమ సేవల వాళ్ళనూ ప్రత్యేకంగా పేర్కొంటుంది. సైన్యం ఇచ్చిన గుర్తింపు కార్డు జేబులో ఉంటే, శత్రువుకు చిక్కినప్పుడు వాళ్ళకు యుద్ధఖైదీ హోదా దక్కుతుంది. పోరాడే హక్కు మాత్రం దక్కదు. తుపాకీ పట్టి కాల్చితే రక్షణ పోతుంది. స్పాన్సర్డ్ రిజర్వుకు ఉన్న అసలైన మేలు ఇదే: అతను చట్టరీత్యా సైనికుడు, తనను కాపాడుకోవడానికి కాల్చినా హంతకుడు కాడు.

ఇరాక్‌లో ఈ తేడా రక్తంతో తేలింది. 2004 ఏప్రిల్ 9న బాగ్దాద్ దగ్గర ఇంధన లారీల బారు మీద దాడి జరిగి అమెరికన్ గుత్త కంపెనీ కేబీఆర్ డ్రైవర్లు ఆరుగురు చనిపోయారు. తరువాత కొందరు డ్రైవర్లు ఇంటికి పోతామన్నారు, పోయారు కూడా. ఆపే అధికారం ఎవరికీ లేదు. 2007 సెప్టెంబరు 16న బాగ్దాద్ నిసూర్ కూడలిలో బ్లాక్‌వాటర్ అనే ప్రైవేటు కంపెనీ కాపలాదార్ల కాల్పుల్లో 17 మంది ఇరాకీ పౌరులు చనిపోయినప్పుడు ఆ కాపలాదార్లు ఏ దేశపు ఏ చట్టం కిందికి వస్తారన్నదే మొదటి వివాదమైంది. మరుసటి ఏడాది సెప్టెంబరులో స్విట్జర్లాండ్ చొరవతో వచ్చిన మాంట్రూ పత్రం అలాంటి కంపెనీల విషయంలో దేశాల బాధ్యతలను ఒకచోట చేర్చి రాసింది.

ఈ యుద్ధాల లారీల్లో ఎక్కువమంది అమెరికన్లు కారు. గల్ఫ్‌కు పోయిన ఆసియా కూలీలే. 2004 జులైలో కువైట్ రవాణా కంపెనీలో పనిచేస్తున్న ముగ్గురు భారతీయ డ్రైవర్లను ఇరాక్‌లో అపహరించారు. సెప్టెంబరు 1న వదిలిపెట్టారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్ళేవాళ్ళు సంతకం పెట్టేది ఏజెంటు ముందు పెట్టిన కాగితం మీద. తోలే బండిలోని సరుకు ఎవరి సైన్యానిదో ఆ కాగితంలో ఉండదు. సబ్ కాంట్రాక్టు నాలుగైదు మెట్లు దిగాక జెనీవా కార్డు ఇవ్వవలసింది ఎవరో, ఇవ్వకపోతే అడగవలసింది ఎవరో తేల్చడం కష్టం.

భారత చట్టం ఈ రెండు దారులకూ మధ్యలో నిలబడింది. 1950 ఆర్మీ చట్టం రెండో సెక్షను ఒక తలుపు తెరిచి ఉంచింది. యుద్ధ సేవలో, శిబిరంలో, కవాతు దారిలో, సరిహద్దు పోస్టులో సైన్యానికి పనిచేసేవాళ్ళు, సైన్యం వెంట వెళ్ళేవాళ్ళు మామూలుగా సైనిక చట్టం కిందికి రాకపోయినా అక్కడ ఉన్నంతసేపు దానికి లోబడతారు. అంటే భారతదేశంలో గుత్త లారీ డ్రైవరుకు సైనిక శిక్ష పడగలదు, సైనిక హోదా మాత్రం రాదు. క్రమశిక్షణ ఉంది, పెన్షన్ లేదు. ఈ అసమానత గురించి మన చర్చల్లో వినబడేది చాలా తక్కువ.

సరిహద్దు రోడ్ల సంస్థలోని జనరల్ రిజర్వ్ ఇంజినీర్ ఫోర్స్‌ది ఇంకొక వింత. 1960లో ఏర్పడిన ఈ దళం పౌర ఉద్యోగులదా, సైనికులదా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1983లో ఆర్.విశ్వన్ కేసులో కోర్టు వాళ్ళు సాయుధ దళాల్లో అంతర్భాగమేనని, రాజ్యాంగం 33వ అధికరణం కింద వాళ్ళ సంఘ హక్కులను తగ్గించవచ్చని తీర్పు చెప్పింది. పని రోడ్డు వేయడం, చట్టం సైనికుడిది. వాళ్ళ పక్కనే రాళ్ళు మోసే దినకూలీకి ఆ తీర్పు వర్తించదు.

రక్షణ ఉత్పత్తిలో 2021లో అత్యవసర రక్షణ సేవల చట్టం వచ్చింది. ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా మారుస్తున్న వేళ సమ్మెలను నిషేధించడం దాని ఉద్దేశం. కార్మికుడు పని ఆపకుండా చూడటానికి చట్టం చేశారు గాని, అతనికి సైనిక హోదా ఇచ్చే దారి వైపు వెళ్ళలేదు. సైన్యపు బేస్ వర్క్‌షాపులను ప్రభుత్వ ఆస్తిగానే ఉంచి నడపడం కాంట్రాక్టరుకు ఇవ్వాలన్న షేకట్కర్ కమిటీ సిఫార్సు మీద గట్టి వాదోపవాదాలు జరిగినప్పుడూ చర్చ ఖర్చు, ఉద్యోగ భద్రతల చుట్టూ తిరిగింది. యుద్ధం వచ్చిననాడు ఆ కాంట్రాక్టరు ఫిట్టరును ముందు వరుసకు ఎవరు పంపుతారన్నది పక్కన పడింది.

బొబ్బిలి యువకులకు ఈ ప్రశ్న తగిలేది విశాఖలో. తూర్పు నౌకాదళ స్థావరం, నేవల్ డాక్‌యార్డ్, 2010లో రక్షణ శాఖ కిందికి వచ్చిన హిందూస్థాన్ షిప్‌యార్డ్ ఉన్న ఊరది. వెల్డింగు, పెయింటింగు, శుభ్రత లాంటి పనుల్లో కాంట్రాక్టు కార్మికులుంటారు. ఐటీఐ చేసి గేటు పాసు తెచ్చుకున్న వెల్డరు అయిదేళ్ళూ అదే ఓడల మీద పనిచేసినా, అతని చీటీ మీద కాంట్రాక్టరు పేరు మారుతూ పోవచ్చు. టెండరు మారితే యజమాని మారతాడు, పని మారదు. నౌకాదళానికి అత్యవసరంలో కావలసిన నైపుణ్యం ఇతని చేతుల్లోనే ఉంది. రిజర్వు సిపాయిగా సంతకం పెట్టించవలసిన యజమాని మాత్రం ఏడాదికో రెండేళ్ళకో మారేవాడు. బ్రిటిష్ చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా తెలుగులోకి దించినా ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం చట్టంలో లేదు, టెండరు గడువులో ఉంది.

రైల్వేలోనూ అదే నడుస్తోంది. పట్టాల మరమ్మతులో యంత్రాల పనులూ, కోచీల శుభ్రతా కాంట్రాక్టులకు పోయాయి. శాశ్వత ఉద్యోగులతో ఏర్పడిన టీఏ యూనిట్లు రద్దయ్యాయి. వాటి స్థానంలో కాంట్రాక్టు మనుషులతో రిజర్వు ఏర్పాటు చేయాలన్న ఆలోచన రాలేదు. 6ఏ సెక్షను మాత్రం చట్టపుస్తకంలో అలాగే ఉంది. ఆ సెక్షను రాసిన 1956లో కరెంటు, రైలు, నీళ్ళ పని చేసేవాడంటే ఆ సంస్థ సొంత ఉద్యోగే. ఇప్పుడు సబ్‌స్టేషనులో షిఫ్టు చూసే మనిషి సంస్థలో పనిచేస్తున్నట్టా, సంస్థకు మనుషులను సరఫరా చేసే ఏజెన్సీలో పనిచేస్తున్నట్టా అన్నదే తేలవలసి ఉంటుంది.

పరిహారం మాట వచ్చేసరికి ఈ తికమక ఇంటి గుమ్మం దాకా వస్తుంది. ఎంబాడీ అయిన టీఏ సిపాయి చనిపోతే కుటుంబానికి సైనిక పెన్షన్ నియమాలు వర్తిస్తాయి. పౌర కార్మికుడు శత్రు దాడిలో గాయపడితే చూడవలసింది చైనా యుద్ధం తరువాత 1963లో చేసిన వ్యక్తిగత గాయాల (పరిహార బీమా) చట్టాన్ని. దాని కింద యజమాని బీమా కట్టి ఉండాలి. యజమాని ఎవరన్న దగ్గరే మళ్ళీ మొదటికి వస్తుంది.

ఉత్తరాంధ్రలో ఈ మొత్తం వ్యవహారం తలకిందులుగా కూడా నడుస్తోంది. ఇక్కడినుంచి సైన్యంలోకి వెళ్ళేవాళ్ళు ఎక్కువ. పదిహేడు, ఇరవై ఏళ్ళు చేసి నలభైలోపే తిరిగివచ్చిన జవాను పునరావాస డైరెక్టరేటు గుర్తించిన సెక్యూరిటీ ఏజెన్సీలో చేరి, ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరో, ఏ పోర్టు గోదాము దగ్గరో రెండో యూనిఫాం వేసుకుంటాడు. కాంట్రాక్టు ఉద్యోగిని సిపాయిని చేయడం కాదు, సిపాయే కాంట్రాక్టు ఉద్యోగి అయ్యాడు. ఆయుధం తెలుసు, క్రమశిక్షణ తెలుసు, కొందరికి ఇంజినీర్స్‌లో, సిగ్నల్స్‌లో నేర్చిన పని కూడా తెలుసు. ఏజెన్సీ హాజరు పుస్తకంలో అతను గార్డు నంబరు ఇంత. రికార్డు ఆఫీసులో పెన్షనరు. ఒక పుస్తకంలో ఉన్న మనిషే రెండో పుస్తకంలోనూ ఉన్నాడని ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు.